పులసని ఇంగ్లీషులో ఏమనాలి? ‘షాడ్’ అనే మాట వాడే పద్ధతి

గోదావరికి ఎర్రనీరు తగిలిన వారంలోనే, న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలు ఫోన్ చేసింది. “మావయ్యా, ఆఫీసులో పులస గురించి చెప్తుంటే ఇంగ్లీషులో పేరేంటని అడిగారు, తెలియక సాల్మన్ అనేశాను, ఫర్లేదా?” అంది. ఫర్లేదని ఎలా అంటాను? మన దగ్గర ఒక హోటల్ మెనూలో కూడా ‘గోదావరి సాల్మన్’ అని చూశాను, అప్పుడూ ఇలాగే బాధేసింది. అందుకే తనకి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

సాల్మన్ కాదు. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదే చేపలే, పోలిక అంతవరకే. పులస హెర్రింగ్ జాతికి చెందినది, మన కవళ్లకి దగ్గరి చుట్టం. ఆ జాతిలో కాస్త పెద్దగా, వెండిలా మెరుస్తూ, ఒళ్లంతా సన్నటి ముళ్లతో ఉండే కొన్ని చేపల్ని ఇంగ్లీషులో షాడ్ అంటారు. స్పెల్లింగ్ ఎస్, హెచ్, ఏ, డి. బ్యాడ్, మ్యాడ్ అంటాం చూడండి, అదే పలుకు. చివర ‘ఈ’ చేర్చారంటే అది షేడ్ అయిపోయి నీడ అనే అర్థం వస్తుంది, రాసేటప్పుడు అక్కడ జాగ్రత్త.

అయితే ఉత్త షాడ్ అంటే అమెరికావాళ్లకి వాళ్ల చేపే గుర్తొస్తుంది. దాని పేరు అమెరికన్ షాడ్, శాస్త్రీయ నామం అలోసా సాపిడిస్సిమా, లాటిన్‌లో ఆ రెండో మాటకి ‘మహా రుచికరమైనది’ అని అర్థం. అదీ వసంతకాలంలో అట్లాంటిక్ నుంచి హడ్సన్, డెలావేర్ లాంటి నదుల్లోకి ఎదురీదుతుంది. మనది హిల్సా షాడ్, టెన్యువలోసా ఇలిషా. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీనికి ఇలిషా అనే పేరు పెట్టాడు. బెంగాలీల ఇలిష్, ఈ చేప సముద్రంలో దొరికినప్పుడు మన జాలర్లు అనే ఇలస, ఇంగ్లీషు హిల్సా, పలికి చూడండి, మూడూ ఒకే మాటలా వినిపిస్తాయి. కాబట్టి ఎవరైనా అడిగితే ‘హిల్సా షాడ్’ అని రెండు మాటలూ కలిపి చెప్పండి. మొదటిది మన చేపని చూపిస్తుంది, రెండోది అవతలివాళ్లకి తెలిసిన జాతిని చూపిస్తుంది.

కానీ పులస అనే మాటని మాత్రం వదలొద్దు. అంతర్వేది దగ్గర సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలసే, వరద నీటిలో ధవళేశ్వరం వైపు ఎదురీదుతూ వచ్చాకే పులస అవుతుంది. చేప అదే, రుచి మారిపోతుంది. పుస్తెలమ్మైనా తినాలన్నది దీని గురించే, ఇలస గురించి కాదు. ఇంగ్లీషులో ఈ తేడాకి ఒక్క మాట లేదు. అందుకే ‘పులస’ అని అలాగే రాసి, పక్కన ‘గోదావరికి ఎదురీది వచ్చిన హిల్సా షాడ్’ అనే అర్థం వచ్చేలా ఒక ముక్క చేర్చాలి. ఆ ఎదురీతకి ఇంగ్లీషులో రన్ అంటారు, ‘షాడ్ రన్’ అంటే మన ఎర్రనీటి సీజన్ లాంటిదన్నమాట. అక్కడ షాడ్ ఎదురీదే రోజుల్లోనే తెల్లగా పూసే ఒక చెట్టుకి అమెరికాలో షాడ్‌బుష్ అని పేరుంది, ఈ సంగతి నాకు ఎంత నచ్చిందో.

వ్యాకరణం పెద్దగా లేదు. రెండు చేపలైనా, పదైనా ‘షాడ్’ అనే అంటారు, షాడ్స్ తప్పు కాదుగానీ వినడానికి కొత్తగా ఉంటుంది. జనని, అంటే చేప కడుపులో ఉండే గుడ్లని, ఇంగ్లీషులో రో అంటారు, కాబట్టి షాడ్ జనని షాడ్ రో అనాలి, అక్కడ దాన్ని ఇష్టంగా వేయించుకు తింటారు.

చేపని చేత్తో పట్టుకుని పోల్చుకోవాలంటే, పొట్ట కింద తోక వైపు నుంచి తల వైపుకి మెల్లగా వేలు రాయండి, రంపం పళ్లలా గరుగ్గా తగులుతుంది. పులసకీ అంతే, అమెరికన్ షాడ్‌కీ అంతే. తర్వాత పై దవడ మధ్యలో చూడండి, పులసకి అక్కడ చిన్న నొక్కు ఉంటుంది. అమెరికన్ షాడ్‌కైతే మొప్ప వెనకాల నల్లటి మచ్చ, చాలాసార్లు దాని వెంట ఇంకొన్ని చిన్న మచ్చలు కనిపిస్తాయి.

మా మేనకోడలు చివర్న, షాపులో షాడ్ కొంటే పులుసుకి ఎలా అడగాలంది. ఫిల్లెట్ అంటే వెన్నుముల్లు లేకుండా కోసిన పలక ఇస్తారు, అది పులుసులో విడిపోతుంది. మనం అడ్డంగా కోయించుకునే ముక్కకి అక్కడ స్టీక్ అని పేరు, అలా అడుగు, తల కూడా ఇవ్వమను, ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే రో ఉందేమో కనుక్కో అని చెప్పాను.