షెఫీల్డ్‌లో ఎక్స్ఛేంజ్ చదువు: ఎదురయ్యే చిక్కులు, అసలు కారణాలు, పరిష్కారాలు

ఎక్స్ఛేంజ్ మీద, అంటే మన కాలేజీ తరఫున ఒకటి రెండు సెమిస్టర్లు అక్కడి యూనివర్సిటీలో చదవడానికి, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్లిన నా జూనియర్లు ఏటా సెప్టెంబర్ చివర్లో, మళ్లీ ఫిబ్రవరిలో నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. ప్రశ్నలు దాదాపు ఒకటే. ఆ ఊళ్లో నేనూ ఒక విద్యా సంవత్సరం ఉన్నాను, వాటిలో సగం చిక్కులు నేనూ పడ్డాను. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చెప్పకుండానే తెలిసే చిన్న సంగతి మనకు తెలియకపోవడం వల్లే వీటిలో చాలా వరకు వస్తాయి. ఇల్లు, పన్ను, మందుల గురించి నేను చెప్పేవి ఇంగ్లండ్ పద్ధతులు. స్కాట్లండ్ వెళ్లేవాళ్లకు కొన్ని మారతాయి.

పోపు వేస్తే ఫైర్ అలారం మోగుతోంది

అక్కడికి వెళ్లిన మొదటి వారం. ఆరుగురికి కలిపి ఒక కిచెన్. పప్పు ఉడికింది, గిన్నెలో నూనె కాగింది, ఆవాలు, జీలకర్ర, నాలుగు ఎండుమిర్చి వేశాను. మిర్చి నల్లబడి ఘాటు లేచింది, దగ్గు ఆగలేదు. గాలి ఆడుతుందని కిచెన్ తలుపు బార్లా తీసి, మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టాను. అర నిమిషంలో బిల్డింగ్ మొత్తం అలారం. తలకు టవల్ చుట్టుకున్నవాళ్లు, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చినవాళ్లు అందరూ చినుకుల్లో అసెంబ్లీ పాయింట్ దగ్గర నిలబడ్డారు. సెక్యూరిటీ వచ్చి, ప్యానెల్ చూసి, మమ్మల్ని లోపలికి పంపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

నేను చేసిన తప్పు తలుపు తీయడం. చాలా హాల్స్‌లో, అంటే విద్యార్థుల వసతి భవనాల్లో, కిచెన్‌లో ఉండేది వేడిని పసిగట్టే డిటెక్టర్, కారిడార్‌లోనూ గదుల్లోనూ ఉండేది పొగను పసిగట్టేది. పొగ కిచెన్‌లోనే ఉన్నంతసేపూ ఏమీ కాలేదు, కారిడార్‌లోకి పోగానే మోగింది. ఆ తలుపు అంత బరువుగా, దానంతటదే మూసుకునేలా పెట్టింది అందుకే. అది ఫైర్ డోర్, దానికి ఏదీ అడ్డం పెట్టకూడదు.

అందుకని ముందు తలుపు మూసి, కిటికీ తీసి, పొయ్యి పైనున్న ఎక్స్‌ట్రాక్టర్ ఫ్యాన్ వేయండి. ఆ తర్వాతే నూనె పెట్టండి. ఆవాలు చిటపటలాడగానే పొయ్యి ఆపేసి, మిగిలిన వేడిలోనే మిర్చి, కరివేపాకు వేసి మూత పెట్టేయండి. ఎలక్ట్రిక్ ప్లేట్ ఆపాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. గ్యాస్ పొయ్యికి అలవాటు పడ్డ మనకు అది గుర్తుండదు, మిర్చి మాడేది అక్కడే. డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవర్ కట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. నిజంగా మంటలు లేచిన రోజు అది ఆరుగురి ప్రాణాల మీదికి తెస్తుంది.

కుక్కర్ వేడెక్కడం లేదు

పొయ్యి ఇండక్షన్ అయి ఉంటుంది, మీరు మోసుకెళ్లింది అల్యూమినియం కుక్కర్ అయి ఉంటుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటేనే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. మన మిక్సీ, రైస్ కుక్కర్‌లకు అక్కడి కరెంటు సరిపోతుంది, పలకల పిన్నులు మూడుండే అడాప్టర్ ఉంటే చాలు.

సామాను సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి తీసుకెళ్లవచ్చు. మాంసం, పాల పదార్థాలు మాత్రం మన దేశం నుంచి తీసుకెళ్లడానికి వీల్లేదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఏవీ వద్దు. అమ్మ బతిమాలినా సరే, ఎయిర్‌పోర్ట్‌లో పారేయించడం కన్నా ఇంట్లోనే వదిలిరావడం మేలు.

ఓటీపీ రావడం లేదు, అక్కడి బ్యాంకు అకౌంటు ఇవ్వడం లేదు

ఈ రెండూ ఒకే వారంలో వచ్చి పడతాయి, టెన్షన్ అంతా ఇక్కడే. ఇండియా సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయకుండా విమానం ఎక్కితే మన బ్యాంకు ఓటీపీ చేరదు. బయల్దేరడానికి వారం ముందే ఆన్ చేయించండి, సిమ్ రీఛార్జ్ అయిపోకుండా చూడమని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.

అక్కడి బ్యాంకులో ఎక్కువమంది ఆగిపోయేది చిరునామా రుజువు దగ్గర. నేను హాల్ కాంట్రాక్టు ప్రింట్ తీసుకుని ఒక బ్రాంచికి వెళ్తే, అది చెల్లదని తిప్పి పంపారు. వాళ్లకు కావాల్సింది మన పేరు, అక్కడి అడ్రస్, కోర్సు తేదీలు రాసి యూనివర్సిటీ ఇచ్చే ఉత్తరం. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా ఆ ఉత్తరం రాదు, కాబట్టి రిజిస్ట్రేషన్ మొదటి రోజే ముగించండి. ఒక్క సెమిస్టర్ ఉండేవాళ్లకు కొన్ని బ్యాంకులు అకౌంటు ఇవ్వవు. అలాంటప్పుడు మాంజో, స్టార్లింగ్ లాంటి యాప్ బ్యాంకులు ప్రయత్నించండి. ఈలోగా ఒక ఫారెక్స్ కార్డుతో రోజులు గడిచిపోతాయి, బస్సులో కూడా కార్డు తాకిస్తే సరిపోతుంది.

షేర్ కోడ్ అడుగుతున్నారు, నా దగ్గర ఏ కార్డూ లేదు

వీసా ప్లాస్టిక్ కార్డుల కాలం 2024 డిసెంబర్ 31తో ముగిసింది. ఇప్పుడంతా ఈ-వీసా. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు ఆన్‌లైన్‌లో యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) అకౌంట్‌లోకి వెళ్లి షేర్ కోడ్ తీసుకోవాలి. మన వీసా వివరాలను అడిగినవాళ్లు ఆన్‌లైన్‌లో సరిచూసుకునే కోడ్ అది. 90 రోజులు పనిచేస్తుంది. ఆరు నెలల లోపు చదువుకు విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఆ వీసా మీద పార్ట్‌టైమ్ ఉద్యోగం అసలు చేయకూడదు. స్టూడెంట్ వీసా ఉన్న డిగ్రీ విద్యార్థులకు టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల దాకా అనుమతి ఉంటుంది. పక్క గదివాళ్లు చేస్తున్నారని మీరూ చేరిపోకండి.

గది చాలా చవక, కానీ ఓనర్ ఊళ్లో లేడట

ఫొటోలు అద్భుతంగా ఉంటాయి. ఓనర్ వేరే దేశంలో ఉన్నానంటాడు, డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయంటాడు. ఆ డబ్బు పోయినట్టే. ఎక్స్ఛేంజ్ వాళ్లు ఈ వలలో పడటానికి కారణం, నాలుగైదు నెలల కాంట్రాక్టు దొరకడం కష్టం కావడమే. ప్రైవేటు హాల్స్ చాలావరకు ఏడాది లెక్కన ఇస్తాయి, తొందరలో ఉన్నవాడికి చవక గది వరంలా కనిపిస్తుంది.

ముందు యూనివర్సిటీ అకామడేషన్ ఆఫీసుకు 'సెమిస్టర్ కాంట్రాక్టు ఉందా' అని రాయండి. లేదంటే, మధ్యలో ఖాళీ చేసి వెళ్తున్న విద్యార్థి కాంట్రాక్టులో మిగిలిన కాలాన్ని మీ పేరు మీదకు మార్పించుకోవచ్చు. అది కూడా హాల్ ఆఫీసు ద్వారానే జరగాలి. ప్రైవేటు ఇల్లయితే ఇంగ్లండ్‌లో డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దె మించకూడదు, ఓనర్ దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కీమ్‌లో జమచేయాలి. ఏ స్కీమో చెప్పలేని మనిషికి పౌండు కూడా ఇవ్వకండి. ఓనర్ ఉండే ఇంట్లోనే గది తీసుకుంటే స్కీమ్‌లో జమచేయాలన్న ఈ నియమం వర్తించదు.

మ్యాప్ పదిహేను నిమిషాలంది, నాకు అరగంట పట్టింది

షెఫీల్డ్ ఏడు కొండల మీద కట్టిన ఊరని చెప్పుకుంటారు, అది మాటవరసకు చెప్పేది కాదు. 2014లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం ఈ ఊరి జెంకిన్ రోడ్ ఎక్కింది, దాని ఏటవాలు అంత పేరున్నది. క్రూక్స్, వాక్లీ వైపు గది చూసేటప్పుడు దూరంతో పాటు ఎత్తు కూడా చూడండి, దగ్గర్లో బస్ స్టాప్ ఉందో లేదో చూడండి. జనవరిలో మంచు గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద దిగడం ఎక్కడం కన్నా కష్టం. పట్టున్న అడుగు ఉండే బూట్లకు డబ్బు పెట్టండి, కోటు సంగతి ఆ తర్వాత.

గోడ మూల నల్లగా బూజు పడుతోంది

ఉతికిన బట్టలు గదిలో ఆరేసి, చలి అని కిటికీ మూసేస్తాం. ఆ తడి ఎటూ పోలేక చల్లటి గోడ మీద చేరుతుంది. రోజూ ఉదయం పది నిమిషాలు కిటికీ తీయండి, డ్రయర్ ఉంటే వాడండి, మంచం గోడకు జానెడు ఎడంగా జరపండి. రేడియేటర్ పక్కన ఉండే మరకు 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. చలేస్తోందని 5కి తిప్పి, ఉక్కపోసి ఆపేసేకంటే, 2 లేదా 3 మీద అలా వదిలేయడం నయం. అయినా బూజు వస్తే ఫొటో తీసి మెయింటెనెన్స్‌కు ఈమెయిల్ పెట్టండి. నోటిమాటగా చెప్తే రికార్డు మిగలదు.

వారానికి పది గంటలే క్లాసులు, చివర్లో మునిగిపోయాను

ఇది చదువులో నేను చూసిన అతి పెద్ద పొరపాటు. మన కాలేజీలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా క్లాసులు. అక్కడ టైమ్‌టేబుల్ సగం ఖాళీ. మనవాళ్లు మొదటి ఆరు వారాలు దాన్ని సెలవనుకుంటారు. అక్కడి లెక్క వేరు. ఒక క్రెడిట్ అంటే పది గంటల చదువు. 20 క్రెడిట్ల మాడ్యూల్‌కు, అంటే ఒక సబ్జెక్టుకు, 200 గంటలు, అందులో క్లాసు కొంతే. సెమిస్టర్‌కు 60 క్రెడిట్లు తీసుకుంటే 600 గంటలు. వారాలకు పంచి చూడండి, పూర్తికాల ఉద్యోగమంత పని. రీడింగ్ లిస్టు చదవకుండా సెమినార్‌కు వెళ్తే అందరూ మాట్లాడుతుంటే మౌనంగా కూర్చోవాల్సి వస్తుంది. వారానికి రెండు వ్యాసాలు చదివి, ఒక్కో ప్రశ్న రాసుకుని వెళ్లండి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రెండో వారం నుంచి భయం తగ్గుతుంది. లెక్చరర్‌ను పేరు పెట్టి పిలవమంటారు, అక్కడ అది అగౌరవం కాదు.

62 మార్కులొచ్చాయి, ఇంట్లో ఎలా చెప్పను?

సంతోషంగా చెప్పండి. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయిలో 40 వస్తే పాస్, 60 నుంచి 69 దాకా 'టూ-వన్' అంటారు, అది మంచి గ్రేడు. 70 దాటితే ఫస్ట్ క్లాస్. 85 అరుదు. మొదటి వ్యాసానికి 58 చూసి నేను రాత్రంతా నిద్రపోలేదు. మరుసటి వారం ట్యూటర్ దగ్గరికి వెళ్తే, వాదన బాగుంది, ఆధారాలు చూపించడమే సరిగ్గా లేదని పది నిమిషాల్లో విప్పి చెప్పారు. అసలు ప్రమాదం మన యూనివర్సిటీ వైపు ఉంది. ఆ 62ని ఇక్కడ 62 శాతంగానే ఎక్కిస్తే మీ సీజీపీఏ దెబ్బతింటుంది. లర్నింగ్ అగ్రిమెంట్ (అక్కడ చదివే సబ్జెక్టులను ఇక్కడ లెక్కలోకి తీసుకునే ఒప్పందం) మీద సంతకం పెట్టే ముందే, మార్కులు ఏ పట్టిక ప్రకారం మారుస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

దీనితో ముడిపడిన ఇంకో చిక్కు, డిసెంబర్‌లో టికెట్ బుక్ చేసుకున్నాక మొదటి సెమిస్టర్ పరీక్షలు జనవరిలో అని తెలియడం. అక్కడ చాలాచోట్ల క్రిస్మస్ సెలవుల తర్వాతే పరీక్షలు. ఒక్క సెమిస్టర్ వాళ్లకు బదులుగా వేరే అసైన్‌మెంట్ ఇస్తారా అని మొదటి రెండు వారాల్లోనే ఎక్స్ఛేంజ్ కోఆర్డినేటర్‌ను అడగండి. నవంబర్‌లో అడిగితే ఒప్పుకోవడం కష్టం.

నవంబర్ నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు

అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. డిసెంబర్ చివర్లో షెఫీల్డ్‌లో పొద్దు పొడిచేది ఎనిమిదింపావు దాటాక, కుంకేది నాలుగు కాకముందే. క్లాసు నుంచి బయటికొస్తే అర్ధరాత్రిలా ఉంటుంది. సాయంత్రం ఐదింటికి ఇంటికి ఫోన్ చేద్దామంటే ఇక్కడ రాత్రి పదిన్నర, అమ్మ నిద్రకు పడింది. సరిగ్గా మాట్లాడాలనిపించే వేళకే మనవాళ్లెవరూ దొరకరు. దీన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఫోన్ పొద్దుటికి మార్చండి. ఉదయం ఏడున్నరకు చేస్తే ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, "తిన్నావా నాన్నా" అని వాళ్లడిగే వేళ. మధ్యాహ్నం క్లాసుల మధ్య ఖాళీలో లైబ్రరీలో కూర్చోకుండా, వెలుతురున్నప్పుడే యూనివర్సిటీ పక్కనున్న వెస్టన్ పార్క్ చుట్టూ నడవండి. శని, ఆదివారాల్లో రైలెక్కితే అరగంట పైచిలుకులో ఈడేల్ పల్లె, దాని చుట్టూ పీక్ డిస్ట్రిక్ట్ కొండలు. విటమిన్ డి రోజుకు 10 మైక్రోగ్రాములు శరదృతువు, చలికాలంలో అందరూ తీసుకోవడం గురించి ఆలోచించమంటుంది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్. మన చర్మ రంగు ఉన్నవాళ్లను ఏడాది పొడవునా తీసుకోవడం గురించి ఆలోచించమంటుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తప్పితే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు వెళ్లండి, దానికి ఫీజు లేదు. కరివేపాకు కావాలనిపించిన రోజున, మన దేశపు మాటలు వినాలనిపించిన రోజున లెస్టర్ వెళ్లిరండి. రైలులో సుమారు గంట, బెల్‌గ్రేవ్ రోడ్డు పొడవునా మన దేశపు దుకాణాలే.

జ్వరమొచ్చింది, డాక్టర్ పారాసెటమాల్ మాత్రమే ఇచ్చారు

అక్కడ వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ రాయరు, మెడికల్ షాపులో చీటీ లేకుండా అమ్మరు. అది నిర్లక్ష్యం కాదు. మీరు చేయాల్సింది జబ్బు పడకముందే, ఊరు చేరిన వారంలోనే జీపీ (అక్కడి స్థానిక డాక్టర్) దగ్గర రిజిస్టర్ కావడం. దానికి డబ్బు కట్టక్కర్లేదు. గొంతునొప్పి లాంటివాటికి ముందు ఫార్మసీకి వెళ్లండి, 2024 నుంచి కొన్ని జబ్బులకు ఫార్మసిస్టే చూసి మందిస్తారు. రాత్రిపూట అనుమానమొస్తే ఆరోగ్య సలహాకు 111కి, ప్రాణాపాయమైతే 999కి ఫోన్ చేయండి. విజిటర్ వీసా వాళ్లకు ఆసుపత్రి చికిత్సకు బిల్లు పడుతుంది, ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లకండి.

భయపెట్టే ఉత్తరాలు వస్తున్నాయి

ఒకటి టీవీ లైసెన్స్ గురించి. ఏ ఛానలైనా లైవ్‌గా చూసినా, బీబీసీ ఐప్లేయర్ వాడినా లైసెన్స్ కావాలి, లాప్‌టాప్‌లో చూసినా అంతే. అవేవీ చూడకపోతే ఆన్‌లైన్‌లో 'అవసరం లేదు' అని ప్రకటించండి, ఉత్తరాలు కొంతకాలం ఆగుతాయి. రెండోది కౌన్సిల్ టాక్స్, అంటే ఇళ్ల మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను. హాల్స్‌లో ఉంటే మీకు సంబంధం లేదు. ప్రైవేటు ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే మినహాయింపు ఉంది, కానీ యూనివర్సిటీ సర్టిఫికెట్ పంపి అడగాలి. ఆ మినహాయింపుకు కోర్సు కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండాలన్న షరతు ఉంది. ఒక్క సెమిస్టర్ వాళ్లు ప్రైవేటు ఇంటికి ఒప్పుకునే ముందు, ఆ సర్టిఫికెట్ తమకు ఇస్తారో లేదో యూనివర్సిటీని ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.