బొంత కుట్టుపని, 6వ పాఠం: ఇస్త్రీతో అతుక్కునే పొరలు

పోయిన పాఠంలో ముక్కలు కలిపి పైపొర కుట్టేశాం. ఇప్పుడు దాని వెనక ఏం వేయాలో చూద్దాం. ఇంటర్‌ఫేసింగ్, బ్యాటింగ్ రెండూ ఇస్త్రీ వేడికి అతుక్కునే రకాల్లో దొరుకుతాయి కాబట్టి చాలామంది ఒకదాని బదులు ఇంకోటి కొనేస్తుంటారు. ఇంటర్‌ఫేసింగ్ అంటే గుడ్డ వెనక వేసే పొర, అది గుడ్డకు బిగువునిస్తుంది; బ్యాటింగ్ అంటే బొంత లోపల వేసే దూదిలాంటి పొర, అది మెత్తని మందాన్నిస్తుంది. మీ గుడ్డకు ఏది తక్కువైందో ముందు అది తేల్చుకోండి.

పాత టీషర్టులతో బొంత కుడుతున్నారనుకోండి. ఆ గుడ్డ మిషన్ కింద సాగిపోయి, చతురస్రం కాస్తా వంకరవుతుంది. బ్యాటింగ్ ఎంత మందంగా వేసినా ఆ సాగుడు ఆగదు. ముక్కలు కొలతకు కత్తిరించకముందే వెనకవైపు పల్చటి ఇంటర్‌ఫేసింగ్ అతికించాలి. ఇంటర్‌ఫేసింగ్ కూడా ఒకవైపు కాస్త సాగుతుంది, రెండోవైపు సాగదు. ఆ సాగని వైపు టీషర్టు బాగా సాగే దిశలోకి రావాలి.

సంచులకైతే నేత ఇంటర్‌ఫేసింగే నాకిష్టం. గుడ్డతో పాటు వంగుతుంది. నాన్‌వోవెన్ (నేయని) రకం మందంగా ఉంటే కాగితంలా మడతలు పడుతుంది.

బ్యాటింగ్‌లో రెండువైపులా జిగురున్నది తీసుకుంటే టాకాలు, పిన్నీసుల గొడవ ఉండదు. టేబుల్ రన్నర్లు (బల్ల మీద పొడవుగా పరిచే గుడ్డలు), చిన్న సంచులకు హాయి. మంచమంత బొంతకు మాత్రం వద్దంటాను. అంత గుడ్డను ఇస్త్రీ బల్ల మీద ముడతల్లేకుండా అతికించడం ఒక టెన్షన్, చేత్తో కుట్టేవాళ్లకు జిగురులోంచి సూది లాగడం ఇంకో తలనొప్పి.

ఒకవైపే జిగురున్న రకంలో అది ఏ వైపుందో తెలియకపోతే బొటనవేలితో రాసి చూడండి. గరుకుగా, చిన్న చిన్న చుక్కల్లా తగులుతుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే మెరుస్తుంది కూడా. ఆ వైపు గుడ్డ వెనకభాగానికి ఆనాలి. తిరగేసి పెట్టారో, జిగురంతా ఇస్త్రీపెట్టెకే!

ఇస్త్రీపెట్టెను రుద్దకండి. ఒకచోట ఆనించి, అదిమి, ఎత్తి, పక్కన పెట్టండి. చాలా రకాలకు ఒక్కోచోట 10 నుంచి 15 సెకన్లు పడుతుంది, ప్యాకెట్ మీద వేరేగా రాసి ఉంటే అదే పాటించండి. పాలిస్టర్ బ్యాటింగ్ ఎక్కువ వేడికి అణగిపోతుంది, కాబట్టి పైన ఓ పల్చటి గుడ్డ పరవండి. పూర్తిగా చల్లారేదాకా కదపొద్దు.

నా మొదటి సంచికి కాటన్ గుడ్డ తడిపి ఆరేయకుండానే ఇంటర్‌ఫేసింగ్ అతికించాను. మొదటి ఉతుకులోనే గుడ్డ ముడుచుకుంది, లోపలి పొర ముడుచుకోలేదు. సంచి నిండా బొబ్బలు! ఇప్పుడు పీలికైనా సరే, ముందు తడపాల్సిందే.

వచ్చే పాఠానికి ముందు అరచేతంత ముక్క మీద అతికించి చూడండి. చల్లారాక ఒక మూల గోటితో లేపండి. తేలిగ్గా లేచొస్తే వేడి గానీ సమయం గానీ చాలలేదు. గుడ్డ ముందువైపు జిగురు చుక్కలు తేలితే ఎక్కువైంది. రెండూ లేకపోతే ఓసారి ఉతికి ఆరేయండి, ఆ ముక్క మీదే మెషిన్ కుట్టు మొదలుపెడదాం.