పాత కారు రేడియేటర్‌లో బోరు నీళ్లు వద్దు

తిరుపతి చుట్టుపక్కల పాత మారుతి 800ని ఇంట్లోనే బాగుచేసుకుంటున్నవాళ్లకు ఒక మాట. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. నీళ్లలోని ఉప్పు సన్నటి గొట్టాల్లో పొరకడుతుంది, ఇంజిన్ పైభాగంలో ఉండే అల్యూమినియం హెడ్‌ను తినేస్తుంది. ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. పాత నీళ్లు బయటికి వదిలేసి, తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. మూత తీసే ఉంచి ఇంజిన్ ఆన్ చేసి, బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా నింపండి. మూత రబ్బరు గట్టిపడి ఉంటే అదీ మార్చండి, ఖర్చు తక్కువే. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు) పీకేయమంటారు కొందరు, దయచేసి వినకండి. అది లేకపోతే ఇంజిన్‌కు సరైన వేడి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.