కొబ్బరి పీతను అడవిలో చూడడం ఎలా?

కొబ్బరి పీత కనిపించలేదని నిరాశతో తిరిగి వచ్చేవారిలో ఎక్కువమంది ఆ రాత్రి దానికి నాలుగైదు అడుగుల దూరం నుంచే నడిచి వచ్చి ఉంటారని నా గట్టి నమ్మకం. జపాన్ దక్షిణపు కొసన ఉన్న ర్యుక్యూ దీవులలో, ముఖ్యంగా ఇషిగాకి, మియాకో పరిసరాలలో, ఎన్నో వేసవి రాత్రులు ఈ జీవి కోసం తిరిగిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. అక్కడివారు దీనిని యషిగాని అంటారు. నేలమీద బతికే కీళ్లకాళ్ల జీవులన్నిటిలోకీ ఇదే పెద్దది. బాగా ఎదిగినది నాలుగు కిలోల దాకా తూగుతుంది, కాళ్లు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు దాకా వస్తుంది. ఇంత పెద్ద జీవి కంటపడకపోవడానికి అది అరుదు కావడం ఒక కారణమైతే, వెతికేవారు ఎక్కడా ఆగకుండా నడవడం అంతకంటే పెద్ద కారణం.

కాలం, వేళ

ఉపోష్ణ మండలపు దీవులలో ఈ పీత ఏడాది పొడవునా తిరగదు. చలికాలంలో రాతి నెర్రెలలోనూ బొరియలలోనూ దాగి ఉంటుంది. డిసెంబరులోనో జనవరిలోనో వెళ్లి వెతకడం వృథా ప్రయాస. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెళ్లాలి, అందులోనూ తుపాను హెచ్చరిక లేని రోజు చూసుకోవాలి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో పట్టపగలే దారిపక్కన వీటిని చూసినవారు ఇక్కడా అలాగే కనిపిస్తాయని అనుకుంటారు. అక్కడ వాటిని ఎవరూ పట్టరు, సంఖ్య కూడా ఎక్కువ, కాబట్టి వాటికి బెదురు తక్కువ. మనుషులు తరతరాలుగా పట్టి తిన్న దీవులలో మాత్రం ఇది పూర్తిగా రాత్రి జీవి.

పగలు వాన పడి, చీకటి పడేసరికి గాలి నిలిచి, ఒళ్లంతా జిగటగా అనిపించే రాత్రే సరైన రాత్రి. దీనికి కారణం దాని శరీరంలోనే ఉంది. కొబ్బరి పీత నీటిలో ఊపిరి తీసుకోలేదు, ఎక్కువసేపు ముంచితే మునిగి చనిపోతుంది. అయితే ఊపిరితిత్తులుగా పనిచేసే దాని అవయవపు లోపలి పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. అందుకే పొడిగాలి వీచే రాత్రి బయటికి రావడానికి ఇష్టపడదు. సూర్యాస్తమయం తరువాత రెండు గంటలకు బయలుదేరాలి, అంతకు ముందు వద్దు. వెన్నెల రాత్రులలో కూడా చూశామని కొందరు అంటారు. నేను మాత్రం అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులు తప్ప మరెప్పుడూ వెళ్లను, మీరూ వెళ్లవద్దు.

వెంట తీసుకెళ్లవలసినవి

మోకాలి దాకా వచ్చే గట్టి బూట్లు, మందపాటి పొడవు ప్యాంటు, రెండు చేతి టార్చీలు, ఒక టార్చికి చుట్టడానికి ఎర్రటి పారదర్శక కాగితం, తాగునీరు, ఛార్జింగ్ నిండుగా ఉన్న ఫోను. ఇంతే. తలకు కట్టుకునే దీపం వద్దు. అది మీరు ఎటు చూస్తే అటు కొడుతుంది, పీత కళ్లలో నేరుగా పడుతుంది, పైగా వెలుగు కంటి ఎత్తు నుంచే పడడం వల్ల నేలమీది వస్తువుల నీడలు మీకు కనిపించవు. చేతి టార్చిని నడుము కింద పట్టుకుంటే రాయికీ పీతకూ తేడా నీడలోనే తెలిసిపోతుంది. అత్తరు, గాఢమైన వాసన ఉన్న దోమల మందు పూసుకోవద్దు. కొబ్బరి పీత మీసాలు కీటకాల మీసాల మాదిరిగానే గాలిలోని వాసనను పట్టగలవు. ఇద్దరు వెళ్లాలి. ఒక్కరే వెళ్లడం ప్రమాదం, ముగ్గురు వెళితే ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు.

పగటిపూట చేయవలసిన పని

చోటును పగలే చూసి పెట్టుకోవాలి. సముద్రానికి దగ్గరగా, పగడపు సున్నపురాయి పైకి లేచి రంధ్రాలు, నెర్రెలతో నిండి ఉన్నచోట, దాని మీద మొగలి పొదలో బాదం చెట్లో ఉంటే, అక్కడ ఆగండి. పేరులో కొబ్బరి ఉన్నంత మాత్రాన కొబ్బరితోటలోనే వెతకనవసరం లేదు. రాలిన మొగలి పండ్లు, బాదం కాయలు, చచ్చిన జంతువులు, తోటి పీతలు, ఏది దొరికినా తింటుంది. పీచు పీచుగా చీల్చిన మొగలి పండు ముక్కలు తాజాగా కనిపిస్తే అది మంచి గుర్తు. మట్టితో లోపలినుంచి మూసేసిన బొరియ కనిపిస్తే దానిని కదిలించవద్దు. పెంకు విడిచే పీత వారాల తరబడి అలా మూసుకుని లోపలే ఉంటుంది, ఆ సమయంలో దాని ఒళ్లు మెత్తగా, ఏ రక్షణా లేకుండా ఉంటుంది. రాత్రి నడవబోయే దారిని ఒకసారి నడిచి, కాలు ఇరుక్కునే గుంతలను గుర్తుపెట్టుకోండి. ఆ చోటు ఎవరి భూమో, రాత్రిపూట ప్రవేశం ఉందో లేదో ఊరివారినే అడగాలి.

ఎర గురించి ఇక్కడే చెప్పాలి. కొబ్బరికాయను రెండుగా కొట్టి చెట్టుకు కట్టి, గంట తరువాత వచ్చి చూసుకొమ్మని చాలామంది సలహా ఇస్తారు. పరిశోధకులు లెక్కల కోసం ఆ పద్ధతి వాడితే వాడవచ్చు, చూడడానికి వచ్చిన మనకు అది తగదు. ఒక ఎర దగ్గరికి నాలుగు పీతలు చేరితే అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, కాళ్లు విరుగుతాయి. పైగా వాటిని పట్టి అమ్ముకునేవారికి ఆ చెట్టు ఒక గుర్తుగా మిగిలిపోతుంది. ఎర దగ్గర చూసిన పీత తినడం తప్ప మరేమీ చేయదు. తన దారిన తాను నడుస్తూ, రాళ్లు ఎక్కుతూ, ఆగి గాలి వాసన చూసే పీతను ఒకసారి చూసినవారు మళ్లీ ఎర జోలికి పోరు.

అసలు కష్టమైన ఘట్టం: నిలబడడం, వినడం, దగ్గరికి వెళ్లడం

ఇంతవరకు చెప్పినవన్నీ ఎవరైనా చేయగలరు. పని చెడిపోయేది ఇక్కడే.

పగలు ఎంచుకున్న చోటికి చేరాక టార్చిని ఆర్పి నిలబడాలి. కూర్చోవద్దు, చెట్టుకు ఆనుకోవద్దు, గుసగుసలు కూడా వద్దు. గడియారం చూసుకుని కనీసం పావుగంట అలా ఉండాలి. మీ అడుగుల అదురు నేలలో పాకగానే ఆ చుట్టుపక్కల ఉన్న పీత ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. కదలని కొబ్బరి పీతకూ గరుకైన రాతి ముక్కకూ టార్చి వెలుగులో పెద్ద తేడా కనిపించదు. అది మళ్లీ కదలడానికి పట్టే సమయం కంటే మన ఓపిక కొంచెం ఎక్కువ ఉండాలి. చాలామంది మూడో నిమిషంలోనే టార్చి వేసి నాలుగు దిక్కులా తిప్పుతారు, ఏమీ లేదనుకుని ముందుకు నడుస్తారు, ఆ నడకతో తరువాతి చోటును కూడా పాడుచేస్తారు. రాత్రంతా ఐదు కిలోమీటర్లు తిరిగినవారికంటే వంద మీటర్ల లోపల మూడు చోట్ల నిలబడినవారికే ఇది కనిపిస్తుంది.

నిలబడ్డప్పుడు వినిపించే చప్పుళ్లలో ఏది దేనిదో తెలియాలి. ఎలుక, బల్లి ఆకుల మీద చరచరా పరుగెత్తి హఠాత్తుగా ఆగుతాయి. శంఖాన్ని వీపున మోసే సన్యాసి పీతలు రాయికి తగిలినప్పుడల్లా టక్కుటక్కుమంటాయి. (జపాన్‌లో నేలమీద తిరిగే ఈ సన్యాసి పీతలకు 1970 నుంచి సహజ స్మారక హోదా ఉంది కాబట్టి ముచ్చటపడి జేబులో వేసుకోవడం నేరం.) కొబ్బరి పీత చప్పుడు వేరు. నెమ్మదిగా, బరువుగా, మధ్యమధ్య బాగా విరామం ఇస్తూ, గట్టి మొనలు రాతిని గీరినట్లుగా వినిపిస్తుంది. ఆ చప్పుడు రెండుసార్లు ఒకే దిక్కు నుంచి వచ్చేదాకా కాలు కదపవద్దు.

దిక్కు తేలాక, ఎర్ర కాగితం చుట్టిన టార్చిని మీ పాదాల ముందు నేలకు మాత్రమే చూపి నడవాలి. మూడు అడుగులు వేసి ఆగాలి, మళ్లీ మూడు అడుగులు. పాదం మోపేచోటును చూడకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు. ఇషిగాకి వంటి కొన్ని దీవులలో హబు అనే విషసర్పం కూడా ఇదే వేళలో, ఇలాంటి రాళ్ల మధ్యే తిరుగుతుంది. గాలి పీత వైపు నుంచి మీ వైపు వీచేలా దారి ఎంచుకుంటే మంచిది. పీత కనిపించగానే వెలుగును దాని మీదికి విసరకుండా పక్కనే నేలమీద ఉంచి, వెలుగు అంచు మాత్రం దానిని తాకేలా మెల్లగా జరపాలి.

అది నిజంగా కొబ్బరి పీతేనా అనేది నడకను బట్టి తేల్చుకోవచ్చు. మామూలు నేలపీతలు పక్కకు పరుగెడతాయి, ఇది ముందుకు నడుస్తుంది, బెదిరితే వెనక్కి నడుస్తుంది. ఎడమ డెక్క కుడిదానికంటే పెద్దది. ఒంటి రంగు నీలం నుంచి ఊదా, ఎరుపు దాకా మారుతుంది కాబట్టి రంగును నమ్ముకోవద్దు. ఇది సన్యాసి పీతలకు దగ్గరి చుట్టం; చిన్నప్పుడు శంఖాన్ని మోసి, ఎదిగాక వదిలేస్తుంది. కాబట్టి పొట్ట గట్టిపడి, శంఖం లేకుండా తిరుగుతున్న పెద్ద పీతను చూస్తే అనుమానం అక్కర్లేదు.

దానికీ మీకూ మధ్య నాలుగు అడుగుల దూరం తగ్గకూడదు. అంతకంటే ముఖ్యమైనది, అది దాగే నెర్రెకూ దానికీ మధ్య మీరు నిలబడకూడదు. దాని వెనకవైపు దారి తెరిచి ఉందని తెలిసినంతసేపు అది తన పని తాను చేసుకుంటుంది, మీరు అరగంట చూసినా పట్టించుకోదు. ఆ దారి మూసుకుపోతే ముందు కాళ్లెత్తి, డెక్కలు విప్పి నిలుస్తుంది. ఆ భంగిమ కనిపించిన క్షణమే రెండడుగులు వెనక్కి వేయాలి. అది అద్భుతంగా ఉందని ఫోటో కోసం అలాగే నిలిచిపోయేవారిని చూసి నాకు విసుగొచ్చింది. ఫోటోలో అద్భుతంగా కనిపిస్తున్నది భయంతో ఉన్న జీవి. చిన్న మీసాలను గబగబా విదిలిస్తూ ఉంటే అది మీ వాసన చూస్తున్నదన్నమాట, అప్పుడు కదలకుండా ఉంటే చాలు.

చేతుల విషయంలో నేను ఏ మినహాయింపునూ ఒప్పుకోను. పీత దూరిన నెర్రెలో చేయి పెట్టకూడదు, కర్ర పెట్టి కదిలించకూడదు, వీపు పట్టుకుని ఎత్తకూడదు. ఒకినావాలోని పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 29 కొబ్బరి పీతల డెక్కల బలాన్ని కొలిచారు; అన్నిటికంటే ఎక్కువగా నమోదైనది 1,765 న్యూటన్లు, అంటే దాదాపు 180 కిలోల బరువు మోపినంత ఒత్తిడి. నాలుగు కిలోల పీత అయితే అది 3,300 న్యూటన్ల దాకా ఉండవచ్చని వారి అంచనా. చార్లెస్ డార్విన్ రాసిన ఒక సంఘటనలో, గట్టి రేకు డబ్బాలో పెట్టి తీగతో మూత బిగించిన కొబ్బరి పీత అంచులను వంచి తప్పించుకుపోయింది. చీకటిలో బండను చేత్తో పట్టుకుని పైకి ఎక్కడం, చూడకుండా రాయి మీద చతికిలబడడం కూడా ఈ నిషేధంలోకే వస్తాయి. పీత చెట్టు మీద ఉంటే దాని కింద నిలబడవద్దు. బెదిరితే అది కొన్ని మీటర్ల ఎత్తు నుంచి వదిలేసి పడిపోగలదు, దానికి దెబ్బ తగలకపోవచ్చు గానీ మీ సంగతి అలా కాదు.

గుడ్లతో ఉన్న ఆడ పీత కనిపిస్తే

వేసవిలో పొట్ట కింద గుడ్ల ముద్దను మోస్తూ సముద్రం వైపు వెళ్లే ఆడ పీత కనిపించవచ్చు. గుడ్లు అలలలో వదలాలి, కానీ దానికి ఈత రాదు. నీటి అంచున ఒక్క తప్పటడుగు వేసినా అల లాగేస్తుంది. ఆ సమయంలో టార్చితో వెంటపడడం కంటే చెడ్డపని లేదు. వెలుగు ఆర్పి, అది దాటిపోయేదాకా ఉన్నచోటే ఉండిపోవాలి. అందుకే తీరం వెంబడి రోడ్డు మీద రాత్రి కారు నడిపేటప్పుడు కూడా వేగం బాగా తగ్గించాలి. రోడ్డు దాటుతూ చక్రాల కింద నలిగిన ఆడ పీతలను చూసిన తరువాత నేను చివరి కిలోమీటరు నడిచే వెళుతున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు

ఒక పీతను ఇరవై నిమిషాలు చూస్తే చాలు. ఫ్లాష్ వేయకుండా రెండు ఫోటోలు తీసుకుని, వచ్చిన దారినే, అవే మూడేసి అడుగులతో వెనక్కి రండి. ఫోటోను ఇతరులతో పంచుకునే ముందు అందులో దాగి ఉండే స్థల వివరాలను తొలగించండి, ఊరి పేరు కూడా రాయవద్దు. ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ముప్పు పొంచి ఉన్నవాటిలో చేర్చింది. మియాకో, ఇషిగాకి, తరమా వంటి చోట్ల స్థానిక పాలక సంస్థలు వీటిని పట్టడంపై నిబంధనలు పెట్టాయి. అయినా పట్టేవారు ఉన్నారు. దశాబ్దాల తరబడి నెమ్మదిగా ఎదిగే జీవి కాబట్టి, ఒక నెర్రెలోని పెద్ద పీతను ఎవరైనా పట్టుకుపోతే అంతటి పీతను అక్కడ మళ్లీ చూడడానికి మీకు చాలా ఏళ్లు పడుతుంది. తేదీ, వేళ, వాన పడిందా లేదా, గాలి ఎటు వీచింది, ఏ చెట్టు కింద కనిపించింది అన్న వివరాలను మీ సొంత పుస్తకంలో రాసుకోండి. వచ్చే వేసవిలో మీరు మొదట నిలబడవలసిన చోటును ఆ పుస్తకమే చెబుతుంది.