చిన్న విమానంలో పెన్నూ కాగితం: ఏ తిప్పలు వస్తాయి, ఎందుకు వస్తాయి, ఏం చేయాలి

చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు తెలుగు ఇళ్ల నుంచీ, సరిహద్దుకు అవతల కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ నుంచీ పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లే పిల్లలు నన్ను అడిగేవి పెద్ద పెద్ద ప్రశ్నలేమీ కావు. "అన్నా, కంట్రోల్ టవర్ రేడియోలో చెప్పింది రాసుకునేలోపే అయిపోతోంది." "అన్నా, పెన్ను ఎక్కడ పెట్టుకోవాలి?" పుస్తకాల్లో ఇవి ఉండవు. గ్రౌండ్ క్లాసులో నావిగేషన్, వాతావరణం అన్నీ చెబుతారు గానీ, ఊగే సీట్లో ఒక చేత్తో యోక్ (విమానాన్ని నడిపే స్టీరింగు) పట్టుకుని రెండో చేత్తో నాలుగంకెలు రాయడం ఎలాగో ఎవరూ చెప్పరు.

కింద రాసినవన్నీ సెస్నా 152, 172 లాంటి చిన్న విమానాలకు. నన్నడిగితే ఈ తిప్పల్లో పెన్ను తప్పు చాలా తక్కువ. అది ఎక్కడుంది, మనం ఎప్పుడు రాస్తున్నాం అన్న దగ్గరే అసలు గొడవ.

పెన్ను జారి కింద పడింది

ముందు చేయకూడనిది చెబుతా. వంగకండి. తల దించి, మెడ తిప్పి సీటు కింద వెతుకుతుంటే చెయ్యి తెలియకుండానే యోక్‌ను లాగుతుంది, ఒక రెక్క వాలుతుంది. అప్పటికే విమానం మలుపులో ఉంటే ఇంకా ప్రమాదం. మలుపులో తల గబుక్కున కదిపితే లోపలి చెవిలోని ద్రవం కదిలి, విమానం దొర్లిపోతున్నట్టు భ్రమ కలుగుతుంది. పది రూపాయల పెన్ను కోసం అంత పని వద్దు. రెండో పెన్ను తీసుకోండి.

కారణం మామూలే. ఒకటే పెన్ను, అది కూడా ఒళ్లో. పైలట్ షర్టు జేబులో పెట్టుకుంటే షోల్డర్ బెల్టు దానికి అడ్డం పడుతుంది, బిగించాక బయటికి రాదు. అందుకే లాగి ఒళ్లో పడేసుకుంటారు. విమానం ఒక్కసారి ఎగిరిపడితే అది కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ దగ్గరికి దొర్లిపోతుంది.

రాసే పెన్నును సన్నటి దారంతో నీబోర్డ్‌కు (తొడకు కట్టుకునే రాత పలకకు) కట్టండి. దారం జానెడు చాలు. అంతకంటే పొడవైతే ట్రిమ్ వీల్‌కో, ఫ్లాప్ స్విచ్‌కో తగులుకుంటుంది. రెండోది చొక్కా చేతి మీద పెన్ను జేబు ఉంటే అందులో, లేదంటే బెల్టు తగలని చోట క్లిప్‌తో. గుండ్రటి పెన్ను కన్నా ఆరు పలకల పెన్సిల్ నయం, పడినా అంత దూరం దొర్లదు.

దిగాక మాత్రం పడిన పెన్ను దొరికేదాకా ఆ విమానాన్ని వదలకండి. దొరక్కపోతే ఇంజనీర్‌కు చెప్పాల్సిందే. పెడల్ వెనక ఇరుక్కున్న పెన్ను మీకేమీ చేయకపోవచ్చు, మీ తర్వాత ఎక్కే పిల్లాడు ల్యాండింగ్‌లో రడ్డర్ తొక్కబోతే తెలుస్తుంది. చెప్పడానికి మొహమాటం దేనికి?

టవర్ చెప్పిందాంట్లో సగమే కాగితం మీదికి వచ్చింది

అందరికీ ఉండే బాధ ఇదే. ఎక్కువ మంది అనుకునేది, తమ ఇంగ్లీషు వేగం చాలడం లేదని. తెలుగు, మరాఠీ మీడియంలో చదివిన పిల్లలకైతే ఆ టెన్షన్ మరీ ఎక్కువ. నిజానికి ఇంగ్లీషుతో దీనికి పెద్ద సంబంధం లేదు. మాటల్ని మాటల్లాగే రాయబోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. మనిషి మాట్లాడే వేగాన్ని చేతిరాత ఎప్పుడూ అందుకోలేదు.

కాబట్టి వినే ముందే కాగితం సగం నిండి ఉండాలి. వచ్చే సమాచారం ఏ వరసలో వస్తుందో ముందే తెలుసు: ఎక్కడికి, ఏ దారిన, ఎంత ఎత్తు, ఏ ఫ్రీక్వెన్సీ, ఏ స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టే నంబరు). ఇంట్లోనే ఈ అయిదింటికీ అయిదు గళ్లు గీసుకోండి. గమ్యం, దారి మీరే ఫైల్ చేశారు కాబట్టి అవి ముందే రాసేయొచ్చు. మారితేనే కొట్టేస్తారు. ఇక చెవి పెట్టాల్సింది అంకెలకే.

అంకెల దగ్గర ఒక చిక్కుంది. ఎత్తు 4500. క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే మీటర్‌లో పెట్టుకునే గాలి ఒత్తిడి) 1004. స్క్వాక్ 4271. మూడూ నాలుగంకెలవే. వరసగా ఒకే లైన్లో గిలికేస్తే రెండు నిమిషాల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు. క్యూఎన్‌హెచ్‌కూ ఒక గడి కలిపి, దేని గడి దానికి ఉంటే ఆ గందరగోళం ఉండదు. స్క్వాక్‌లో ఇంకో సుళువు ఉంది: ఆ కోడ్‌లో ప్రతి అంకె 0 నుంచి 7 లోపే ఉంటుంది. మీ గడిలో 8 గానీ 9 గానీ కనిపించిందంటే తప్పు విన్నారన్నమాట, రీడ్‌బ్యాక్‌కు (విన్నది తిరిగి చదివి వినిపించడానికి) ముందే పట్టుకోవచ్చు.

పైకి ఎక్కమంటే ↑, దిగమంటే ↓, పక్కన అంకె. రన్‌వే నంబరుకు చుట్టూ చిన్న డబ్బా. ఆగి ఉండమంటే కింద అడ్డగీత. మీ గుర్తులు మీకర్థమైతే చాలు, అందంగా ఉండనక్కర్లేదు. రన్‌వే, ఆగి ఉండమన్న మాట, ఎత్తు, హెడ్డింగ్ (ముక్కు చూపే దిక్కు), ఫ్రీక్వెన్సీ, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ ఎలాగూ తిరిగి చదివి వినిపించాల్సినవే. వాటిని తప్ప ఇంకేమీ రాయకపోయినా పెద్దగా నష్టం లేదు. "గుడ్ మార్నింగ్" కూడా రాసుకున్న కుర్రాణ్ణి చూశాను నేను.

అయినా తప్పిపోతే? మొత్తం మళ్లీ చెప్పమనకండి, తప్పిపోయిన ముక్కనే అడగండి: "సే అగైన్ స్క్వాక్." కంట్రోలర్‌కు అదే హాయి. చేతులు ఖాళీ లేనప్పుడు "స్టాండ్‌బై" అనడానికి కూడా మీకు హక్కుంది. నేల మీదైతే ట్యాక్సీ చేస్తూ (విమానాన్ని చక్రాల మీద నడుపుతూ) క్లియరెన్స్, అంటే టవర్ ఇచ్చే అనుమతి, రాసుకోవద్దు. బండి ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి రాయండి.

రాసి తల ఎత్తేసరికి విమానం రెండొందల అడుగులు దిగిపోయింది

ఇందులో కాగితానికి పాపం ఏ పాత్రా లేదు. ట్రిమ్, అంటే చెయ్యి తీసినా ముక్కు కదలకుండా నిలిపే సర్దుబాటు, సరిగా లేదు, అంతే. యోక్ మీంచి చెయ్యి తీసి చూడండి. ముక్కు పైకో కిందికో పోతుంటే రాయడానికి మీరింకా సిద్ధంగా లేరు. ముందు ట్రిమ్, రెక్కలు సమంగా, ఆ తర్వాత పెన్ను. రాసేది కూడా ఒక్క బిగిని కాదు. రెండంకెలు రాసి బయటికి చూడండి, ఇంకో రెండు రాయండి.

కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ సీటు కలిసొస్తుంది. ఎడమ చెయ్యి యోక్ మీద, కుడి చెయ్యి థ్రాటిల్‌కూ పెన్నుకూ. నీబోర్డ్ కుడి తొడ మీద. ఎడమచేతి వాటం వాళ్లు బోర్డును ఎడమ తొడకు కట్టుకుని, రాసేటప్పుడు యోక్‌ను కుడి చేతికి మార్చుకోవాలి. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనున్న రోజుల్లోనే అలవాటు చేసుకోండి, సోలోలో కాదు.

మధ్యాహ్నం రాసింది కోడి గీతల్లా ఉంది

వేసవిలో మన వైపు నేల ఎలా కాగుతుందో తెలిసిందే కదా. బొగ్గు గనుల నల్లటి గుట్టల మీదుగా, ఎండిన పొలాల మీదుగా వెళ్తుంటే వేడిగాలి కింది నుంచి తంతూనే ఉంటుంది. మణికట్టు గాల్లో ఉంటే ఎవరి రాతైనా అంతే. అరచేతి అంచును బోర్డుకు గట్టిగా ఆనించి, వేళ్లతో మాత్రమే, పెద్ద పెద్ద అంకెలు వేయండి. రూళ్ల కాగితం ఇక్కడ పనికిరాదు. 0.5 లెడ్ పెన్సిల్ అయితే టప్పున విరుగుతుంది, 0.9 వాడండి. వీలైతే పొద్దున్నే ఎగరండి, అంతకు మించిన మందు లేదు.

రాసింది మాయమైంది, లేదా జేబంతా సిరా

ఇది విని నవ్వకండి. చెరిపేస్తే పోయే జెల్ పెన్నులు వస్తున్నాయి కదా, వాటితో నావ్‌లాగ్ (దారి, టైముల పట్టిక) చక్కగా రాసుకుని, విమానంలో గ్లేర్‌షీల్డ్ (ముందు అద్దం కింది గట్టు) మీద పెట్టి, టీ తాగి వస్తే తెల్ల కాగితం. ఆ ఇంకు వేడికి రంగు పోగొట్టుకునే రకం. రబ్బరుతో రుద్దితే పుట్టే వేడికే అది చెరుగుతుంది, సుమారు 60 డిగ్రీల దగ్గర. మే నెలలో చంద్రపూర్‌లో బయటే 46, 47 ఉంటుంటే, అద్దాల వెనక ఎండలో ఉన్న కాగితానికి ఆ వేడి ఎంతసేపు? ఆ కాగితాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెడితే రాత మళ్లీ తేలుతుంది గానీ ఎయిర్‌స్ట్రిప్‌లో ఫ్రీజర్ ఎక్కడ వెతుకుతారు. అలాంటి పెన్నులు ఇంట్లోనే ఉంచండి.

ఫౌంటెన్ పెన్ను సంగతి వేరు. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్స్ అనుకుంటే 5000 అడుగుల దగ్గర 843 ఉంటుంది. సగం ఖాళీ అయిన పెన్నులో ఇరుక్కున్న గాలి వ్యాకోచించి సిరాను పాళీ వైపు నెడుతుంది. తాతగారు ఇచ్చిన పెన్నైతే నిండా నింపి, పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి. లేదంటే లాగ్‌బుక్ నింపడానికి నేల మీద వాడుకోండి.

మామూలు బాల్ పెన్నుకు ఎత్తుతో పేచీ లేదు. పేచీ ఎప్పుడొస్తుందంటే, కాగితాన్ని ఎదురుగా నిలువుగా పట్టుకుని రాసినప్పుడు. పెన్ను మొన పైకి తిరిగితే ఇంకు కిందికి దిగక ఆగిపోతుంది. లోపల ఒత్తిడి నింపిన రీఫిల్ ఉన్న ఫిషర్ పెన్నులకు ఆ బాధ లేదు, 1968లో అపోలో 7లో వెళ్లినవి అవే. ట్రైనింగ్‌కి అంత అక్కర్లేదు. బాల్ పెన్నొకటి, 2బీ పెన్సిలొకటి చాలు.

యోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. దిక్సూచి తేడాగా ఉంది

రెండింటికీ కారణం నీబోర్డే కావచ్చు. పొట్టిగా ఉన్నవాళ్లు సీటు బాగా ముందుకు జరుపుకుంటారు, అప్పుడు మందపాటి బోర్డు యోక్‌కు అడ్డం తగులుతుంది. కంట్రోల్స్ చెక్ చేసేటప్పుడు బోర్డు తొడకు కట్టుకునే, యోక్‌ను చివరిదాకా లాగి రెండు పక్కలా తిప్పి చూడండి. తగిలితే చిన్న బోర్డు కొనండి. బోర్డు తీసేసి చెక్ చేస్తే అది చెక్కే కాదు.

కొన్ని బోర్డుల మూతకు అయస్కాంతం ఉంటుంది. తొడ మీదున్నంతసేపు పెద్ద తేడా రాదు. తీసి గ్లేర్‌షీల్డ్ మీద పెడితే దిక్సూచి పక్కకు తిరుగుతుంది. దాన్ని చూసి హెడ్డింగ్ ఇండికేటర్ సరిచేసుకుంటారు కాబట్టి ఆ తప్పు దారంతా మీ వెంటే వస్తుంది. ఫోన్ కూడా అక్కడ పెట్టొద్దు.

టాబ్లెట్ నల్లబడింది

ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు గాలిలో వాడమని ఆపిలే చెబుతుంది. మన ఎండల్లో అది వేడెక్కి దానంతటదే ఆగిపోవడం వింతేమీ కాదు. ఎండ తగలనివ్వకండి, ఎగిరే ముందు విమానంలో వదిలేయకండి, వెనక గాలి ఆడనివ్వండి. టాబ్లెట్ బాగానే ఉండి తెర ఒక్కటే నల్లగా కనిపిస్తుంటే మీ పోలరాయిడ్ కళ్లద్దాలు తీసి చూడండి. ఏదెలా ఉన్నా తొడ మీద కాగితం ఉండాల్సిందే.

రాత్రి ఫ్లైట్‌లో ఎర్ర గీతలు కనిపించడం లేదు

ఎర్ర లైటు కింద ఎర్ర ఇంకు కాగితంలో కలిసిపోతుంది. మ్యాప్‌లో గులాబీ రంగు గీతలకూ అదే గతి. నల్ల ఇంకుతో రాయండి, మ్యాప్ చూసేటప్పుడు బాగా తగ్గించిన తెల్ల లైటు వాడండి.

క్రాస్‌కంట్రీలో టైమ్ లెక్క కలవడం లేదు

చేతి వాచీ మన టైమ్ చూపిస్తుంది, ఫ్లైట్ ప్లాన్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్‌లో) ఉంటుంది. 9:42 అంటే అక్కడ 04:12. గాల్లో అయిదున్నర గంటలు తీసేసే లెక్క పెట్టుకోవద్దు. ఒక వాచీని యూటీసీకి మార్చి బోర్డుకే కట్టేయండి, కాగితం మీద ఒకే టైమ్ ఉంటుంది.

ఇక చెక్‌పాయింట్లు, అంటే దారిలో మనమెక్కడున్నామో సరిచూసుకునే గుర్తులు. థర్మల్ స్టేషన్ చిమ్నీలు, ఇరాయి డ్యామ్, వార్ధా మీది రైలు వంతెన, ఇవన్నీ దూరం నుంచే కనిపిస్తాయి. కనిపించగానే కాదు, సరిగ్గా మీదికి వచ్చాకే టైమ్ రాయాలి. అనుకున్న టైమ్ పక్కనే అసలు టైమ్‌కు గడి ఉంచండి. 12 నాటికల్ మైళ్లకు 8 నిమిషాలు అనుకున్నారు, అంటే 90 నాట్లు (గంటకు 90 నాటికల్ మైళ్లు). 9 పట్టింది. గాలి ఎదురుంది, మీరు వెళ్తున్నది 80తో. ఆ ఒక్క నిమిషాన్ని రాసుకోకపోతే మిగిలిన దారికి ఇంధనం లెక్కంతా తప్పుతుంది. అందుకే ఆ గడి పక్కనే ఇంధనానికీ ఒక గడి ఉండాలి.

వానాకాలంలో కాగితం చిరిగిపోతోంది

చెమట, తేమ, తలుపు సందులోంచి జల్లు. తడి కాగితం మీద జెల్ పాకిపోతుంది, గట్టి పెన్సిల్ చించేస్తుంది. మెత్తటి 2బీ కొంత నయం. గళ్ల కాగితాన్ని ల్యామినేట్ చేయించి మార్కర్‌తో రాసి, దిగాక స్పిరిట్‌తో తుడుచుకునేవాళ్లూ ఉన్నారు. జూలై, ఆగస్టుల్లో అది బాగానే పనిచేస్తుంది. ఎండాకాలంలో మాత్రం ఆ ప్లాస్టిక్ మీద ఎండ పడి అంకెలు కనిపించవు, మళ్లీ కాగితానికి రావాల్సిందే. తుడిచే ముందు టైములన్నీ లాగ్‌బుక్‌లోకి ఎక్కించుకోండి, లేదా ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.