లాగిన్ అవుతుంది, ఫోల్డర్లు రావు: ఎఫ్‌టీపీఎస్ చిక్కులు, వాటి పరిష్కారాలు

"అన్నా, పాస్‌వర్డ్ తీసుకుంది. కానీ ఫోల్డర్లు కనబడట్లేదు. ఇరవై సెకన్లు తిరిగి కట్ అయిపోతోంది. ఎన్‌క్రిప్షన్ తీసేస్తే మాత్రం వస్తోంది. అలాగే వదిలేయనా?"

పోయిన నెల రాత్రి పదకొండింటికి ఒక తమ్ముడు చేసిన ఫోన్ ఇది. నెట్ మీద ఫైళ్లు పంపుకునే పద్ధతి ఎఫ్‌టీపీ, దానికి ఎన్‌క్రిప్షన్ తోడైతే ఎఫ్‌టీపీఎస్. తమ్ముడి క్లౌడ్ సర్వర్‌లో వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే సర్వర్ ప్రోగ్రామ్ ఉంది, ఆఫీసు కంప్యూటర్లలో దానికి కనెక్ట్ అయ్యే క్లయింట్ ప్రోగ్రామ్ ఫైల్‌జిల్లా. వదిలేయొద్దన్నాను. ఎన్‌క్రిప్షన్ తీసేస్తే పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టు దారిలో పోతుంది, మధ్యలో ఎవరైనా చదవొచ్చు. పైగా, తీసేస్తే పనిచేస్తోందన్న మాటే మనకు దొరికిన మంచి ఆధారం.

లక్షణం: లాగిన్ సరే, ఫోల్డర్ లిస్ట్ దగ్గర ఆగిపోతుంది

ఎఫ్‌టీపీకి రెండు కనెక్షన్లు కావాలి. 21వ పోర్టు (సర్వర్‌కుండే నంబరు తలుపుల్లో ఒకటి) మీద మాటలు నడుస్తాయి. ఫైళ్లు, ఫోల్డర్ లిస్టులు ఇంకో పోర్టు మీద వస్తాయి. ఆ పోర్టు ఏదో సర్వర్ అప్పటికప్పుడు చెబుతుంది. మామూలు ఎఫ్‌టీపీలో మధ్యనున్న రౌటరో ఫైర్‌వాలో ఆ మాట విని, అవసరమైతే అడ్రస్ మార్చి, ఆ పోర్టుకు దారి ఇస్తుంది. ఎన్‌క్రిప్షన్ పెట్టగానే దానికి ఏమీ వినపడదు. దారి మూసుకుపోతుంది.

ఫైల్‌జిల్లాలో పైన కనిపించే లాగ్‌లో 227తో మొదలయ్యే లైన్ వెతకండి. తమ్ముడి దగ్గర బ్రాకెట్లో ఇలా ఉంది: 192,168,1,10,195,80. మొదటి నాలుగు సంఖ్యలు అడ్రస్. చివరి రెండూ పోర్టు: 195ను 256తో గుణించి 80 కలిపితే 50000. 192.168తో మొదలైందంటే అది లోపలి నెట్‌వర్క్ అడ్రస్, బయటివాళ్లకు పనికిరాదు. ఫైల్‌జిల్లా దాన్ని గమనించి సర్వర్ అసలు అడ్రస్‌నే వాడుకుంటుంది గానీ, అన్ని క్లయింట్లూ అలా చేయవు.

పరిష్కారం సర్వర్ దగ్గరే ఉంది. వీఎస్‌ఎఫ్‌టీపీడీ కాన్ఫిగ్ ఫైల్‌లో పీఏఎస్‌వీ అడ్రస్ అన్న చోట పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లకు కనిపించే అడ్రస్, ఇవ్వాలి. మిన్ పోర్టు, మ్యాక్స్ పోర్టు దగ్గర ఒక పరిధి పెట్టాలి, 50000 నుంచి 50050 వరకు అనుకోండి. సర్వీస్ రీస్టార్ట్ చేసి, అదే పరిధిని ఫైర్‌వాల్‌లో తెరవాలి. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు: సర్వర్ లోపలి ఫైర్‌వాల్ వేరు, క్లౌడ్ వాళ్ల ప్యానెల్‌లో ఉండే సెక్యూరిటీ గ్రూప్ వేరు. రెండింటిలోనూ తెరవాలి. సర్వర్ ఆఫీసులోనే ఉంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా చేయాలి. తమ్ముడు మొదటిది తెరిచాడు, రెండోది మరిచాడు. అది తెరవగానే లాగ్‌లో 226 (పంపడం పూర్తయిందన్న జవాబు) పడింది, ఫోల్డర్లు వరసగా వచ్చేశాయి.

లక్షణం: లిస్ట్ అడగ్గానే 522 ఎర్రర్

ఇక్కడ ఎదురుచూపు ఉండదు, వెంటనే తిరస్కరిస్తుంది. లాగిన్ అయిన మనిషే డేటా కనెక్షన్‌కూ వచ్చాడని తేల్చుకోవడానికి, మొదటి కనెక్షన్ టీఎల్‌ఎస్ (ఇక్కడ ఎన్‌క్రిప్షన్ చేసే పద్ధతి) సెషన్‌నే మళ్లీ వాడమని వీఎస్‌ఎఫ్‌టీపీడీ పట్టుబడుతుంది. కొన్ని క్లయింట్లకు, ముఖ్యంగా పాతవాటికి, అది చేతకాదు. ముందు క్లయింట్‌ను అప్‌డేట్ చేయండి. సర్వర్‌లో ఎస్ఎస్ఎల్ (టీఎల్‌ఎస్‌కు పాత పేరు) రీయూజ్ సెట్టింగ్‌ను నో అని మార్చినా పని జరుగుతుంది గానీ, ఒక కాపలా తీసేసినట్టే. ఇంకే దారీ లేనప్పుడే అది చేయండి.

లక్షణం: గ్నూటీఎల్‌ఎస్ ఎర్రర్ మైనస్ 15

గ్నూటీఎల్‌ఎస్ అంటే ఫైల్‌జిల్లా ఎన్‌క్రిప్షన్ కోసం వాడే లైబ్రరీ. ఈ ఎర్రర్ చూసి సర్టిఫికెట్లు (సర్వర్ అసలైనదేనని చూపే పత్రాలు) మార్చుకుంటూ ఒక రోజంతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. చాలాసార్లు లోపం ఎన్‌క్రిప్షన్‌లో ఉండదు. సర్వర్‌కు లోపల ఏదో ఇబ్బంది వచ్చి, దాన్ని మామూలు అక్షరాల్లోనే పంపేస్తుంది. ఎన్‌క్రిప్టెడ్ ప్యాకెట్ కోసం చూస్తున్న క్లయింట్‌కు అది అర్థం కాదు.

అసలు ఎర్రర్ తెలియాలంటే, సర్వర్ మెషీన్ మీదే కూర్చుని, ఒక టెస్ట్ అకౌంట్‌తో, ఎన్‌క్రిప్షన్ లేకుండా లోకల్‌హోస్ట్‌కు, అంటే అదే మెషీన్‌కు, కనెక్ట్ అవ్వండి. అలాగైతే పాస్‌వర్డ్ బయటి నెట్‌వర్క్‌లోకి పోదు. ఇందుకోసం సర్వర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా, చూడగానే వెనక్కి మార్చేయండి. తరచూ బయటపడేది ఇది: యూజర్‌ను తన హోమ్ ఫోల్డర్‌లోనే బంధించారు, కానీ ఆ ఫోల్డర్‌కు రైట్ (రాసే) పర్మిషన్ ఉంది. అలాంటప్పుడు వీఎస్‌ఎఫ్‌టీపీడీ నడవనంటుంది. హోమ్ ఫోల్డర్‌కు రైట్ పర్మిషన్ తీసేసి, లోపల అప్‌లోడ్స్ అని ఒక ఫోల్డర్ చేసి దానికి ఇవ్వండి.

లక్షణం: అసలు కనెక్టే కాదు

పోర్టు చూడండి. ఎఫ్‌టీపీఎస్ మామూలుగా 21, మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్‌తో నడిచే పాత ఇంప్లిసిట్ పద్ధతిలో 990. ఎస్ఎఫ్‌టీపీ పేరు దగ్గరగా ఉన్నా పూర్తిగా వేరే పద్ధతి, ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తుంది, పోర్టు 22. క్లయింట్ మరీ పాతదైతే టీఎల్‌ఎస్ 1.0 దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. 1.0, 1.1 రెండింటినీ 2021లో అధికారికంగా పక్కనపెట్టారు, చాలా సర్వర్లు ఒప్పుకోవు.

లక్షణం: సర్టిఫికెట్ హెచ్చరిక

గడువు తీరిందంటే ముందు మీ కంప్యూటర్ గడియారం చూడండి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లది అయితే, కొత్తది వచ్చినా సర్వీస్ రీస్టార్ట్ కాక పాతదే చూపిస్తూ ఉండొచ్చు. నిన్నటిదాకా ఉన్న సర్టిఫికెట్ ఇవాళ మారిందని చెబితే మాత్రం, తొందరపడి ఓకే నొక్కొద్దు. సర్వర్ చూసుకునేవాళ్లకు ఫోన్ చేసి, తెరమీద కనిపించే ఫింగర్‌ప్రింట్‌ను (ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అక్షరాల వరసను) అక్షరం అక్షరం చదివి సరిపోల్చుకున్నాకే లోపలికి వెళ్లండి.