మరుగున పడిన శాస్త్రజ్ఞానం జాడ తీయడం ఎలా?

ముందుగా ఆ జ్ఞానం రాతలోంచి పోయిందా, ఆచరణలోంచి పోయిందా అన్నది తేల్చుకోవాలి; చాలాసార్లు రాత నిలిచే ఉంటుంది, దాన్ని నేర్పే మనుషులే ఉండరు.

సి విటమిన్ కొరత వల్ల వచ్చే స్కర్వీ వ్యాధినే చూడండి. దాన్ని నయం చేసే నారింజ, నిమ్మజాతి పండ్ల గుణాన్ని బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ ప్రయోగం 1747లోనే చూపింది. 1795లో బ్రిటిష్ నౌకాదళం లెమన్ రసాన్ని అధికారికంగా చేపట్టింది. తర్వాత సి విటమిన్ తక్కువగా ఉండే లైమ్ రసానికి మారినా (ఆనాడు రెండింటికీ ఒకే పేరు వాడేవారు), ఆవిరి ఓడలు ప్రయాణాలను కుదించడంతో ఆ రసం లోపం బయటపడలేదు. ధ్రువయాత్రల్లో వ్యాధి తిరిగివచ్చినప్పుడు పలువురు వైద్యులు చెడిన మాంసాన్ని తప్పుపట్టారు.

కాబట్టి ఎవరు మరచారని కాక, గుర్తుంచుకోవలసిన అవసరం ఎవరికి, ఎప్పుడు తీరిపోయిందని అడగాలి. సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించిన రకం, అంటే అందరి జ్ఞానంలో కలిసిపోయి మూలకర్త పేరు మాత్రమే చెరిగిపోయిన విషయాలను ఈ లెక్కలో చేర్చకూడదు.